మాంసకృత్తులు, ఒక కొత్త కుండ

పోయిన నెల బెజవాడలో కిడ్నీల డాక్టరు నా రిపోర్టులు తిరగేసి, "ప్రోటీన్ తగ్గించాలి మేడమ్. రోజూ పప్పు వద్దండి, గుడ్డు కూడా మానేయండి" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. నా మనవడి వయసు కుర్రాడు, బిత్తరపోయి చూశాడు. నందిగామలో జీవశాస్త్రం టీచరుగా చేసి రిటైరైన మనిషినని ముందే చెప్పుకున్నాను కాబట్టి, తనేమైనా తప్పు చెప్పాడా అన్నట్టు మొహం పెట్టాడు. "నువ్వు సరిగ్గానే చెప్పావు నాయనా, నాకే ఏదో గుర్తొచ్చింది" అని లేచి వచ్చేశాను. ఆ గుర్తొచ్చిందేమిటో విప్పి చెప్పాలంటే చిన్నప్పటి జగ్గయ్యపేట దాకా వెళ్లాలి. బయటేమో టోకెన్లు పట్టుకుని జనం కూర్చుని ఉన్నారు.

ఆ వారంలోనే జగ్గయ్యపేట నుంచి పద్మ ఫోను చేసింది. "పిన్నీ, అమ్మ ముద్ద ముట్టట్లేదు. తుంటి ఆపరేషనైన దగ్గర్నుంచీ మంచమే. డాక్టరేమో ప్రోటీన్ పొడి పాలల్లో కలిపి పట్టమంటాడు, ఈవిడేమో గ్లాసు చూస్తేనే మొహం తిప్పేస్తోంది. సైదాని పిలు, సైదాని పిలు అని ఒకటే గొడవ. ఒకసారి వచ్చి వెళ్లవా" అంది. పద్మ వాళ్లమ్మ వరలక్ష్మక్క నా చిన్నప్పుడు మా పక్కింటి కోడలు. నాకన్నా ఏడెనిమిదేళ్లు పెద్దది. సైదాబీ అన్న నా పేరుని సైదా అని ఇంకా పిలిచేవాళ్లలో మిగిలింది ఆవిడొక్కతే. నాకు తగ్గించమన్నదే ఆవిడకి పెంచమంటున్నారు, ఇద్దరమూ వినే రకం కాదు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను.

చిల్లకల్లు దగ్గర హైవే వదిలి బస్సు లోపలికి తిరగ్గానే సిమెంటు లారీల వెనక పడ్డాం. రోడ్డు పక్క వేపచెట్లకి ఆకుపచ్చ రంగు పోయి చాలా కాలమైంది. కిటికీ అద్దం మూసి కళ్లు మూసుకుంటే ముక్కుకి ముందుగా తగిలింది ఆ సిమెంటు దుమ్ము వాసన కాదు, నూనె తీసిన వేరుశనగ చెక్క వాసన. మా పక్కిల్లు అంటే నాకు ఇప్పటికీ ఆ వాసనే.

మా రెండిళ్లకీ మధ్య గోడ ఒకటే. ఇవతల మా నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. తెల్లారేసరికి విల్లు తీగ మీద కొయ్య సుత్తి పడుతూ టంగ్ టంగ్ మని మోత. మా జుట్లలో దూది, చాపల కింద దూది, నీళ్ల బిందె మీద దూది. అన్నంలో వెంట్రుక వస్తే వేరే ఇళ్లల్లో గొడవలు జరుగుతాయేమో గానీ, మా ఇంట్లో దూది పింజ తగలని ముద్ద ఉంటే అదే ఆశ్చర్యం. అవతల వాళ్లది నూనె కొట్టు. వీధి వైపు కొట్టు, వెనక ఇల్లు. గానుగ నుంచి వచ్చిన డబ్బాలు వసారాలో వరసగా ఉండేవి, నాపరాళ్ల మీద నడిస్తే అరికాలు జిగటగా అంటుకునేది. ఆ ఇంటి పెత్తనం శేషమ్మగారిది. వరలక్ష్మక్కకి అత్తగారు. సన్నగా, నిటారుగా, గడ్డం ఎప్పుడూ కాస్త పైకెత్తి ఉండే మనిషి. ఆవిడ నోటికి వీధి వీధంతా హడలు. చీపురు తిరగేసి పెట్టినా, పొయ్యిలో పుల్ల పొగ వచ్చినా అది కోడలి తప్పే. అక్క పెళ్లై వచ్చిన కొత్తల్లో పెరట్లో బట్టలారేస్తూ ఏడ్చుకోవడం నేను గోడ మీంచి చాలాసార్లు చూశాను.

ఆ ఇంట్లో మాంసం అనే మాటే పలికేవాళ్లు కాదు. "నీచు" అనేవాళ్లు, అదీ గొంతు తగ్గించి. అలాగని మా మీద చిన్నచూపేమీ లేదు. పండగొస్తే శేషమ్మగారు బూరెలు విస్తరాకులో కట్టి గోడ మీద పెట్టి, "బీబమ్మా, పిల్లలకి పెట్టు" అని మా అమ్మని కేకేసేది. మా రంజాన్‌కి అమ్మ సేమ్యా వండితే మాత్రం, "మా తల్లే, అలవాటు లేదమ్మా" అని నవ్వి తప్పించుకునేది. ఇవ్వడమే గానీ పుచ్చుకోవడం లేదు. మా గడప తొక్కింది లేదు. అమ్మ దాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు. ఎవరి పద్ధతి వాళ్లది అనేది.

నేనప్పుడు పదో తరగతి. మాది తెలుగు మీడియం. సైన్సు మాస్టారు పాఠం అర్థమైందా అని అడగరు, వచ్చిందా అని అడుగుతారు. అంచేత సాయంత్రమయ్యేసరికి వంటింటి గడపలో కూర్చుని గొంతు చించుకునేదాన్ని. "జీవకణంలోని ముఖ్య పదార్థములు నాలుగు. మాంసకృత్తులు, పిండిపదార్థములు, కొవ్వులు, కేంద్రకామ్లములు." వినీ వినీ అమ్మకి కూడా వచ్చేసింది. అక్షరం ముక్క రాని మనిషి, చెరుగుతూ చెరుగుతూ ఆ నాలుగూ పాటలాగా అనేది. మూడోది నేను మర్చిపోతే తనే అందించేది. "కొవ్వులే, కొవ్వులు. నీ ఒంట్లో పుష్కలంగా ఉన్నాయిగా, ఎలా మర్చిపోయావ్?" అని ఎగతాళి.

ఆ ఏడే వరలక్ష్మక్క పద్మని కన్నది. కాన్పుకి ముందే టైఫాయిడ్ తగిలి లేచిన మనిషి. పురుడయ్యాక అత్తగారు బాలింత పథ్యం మొదలుపెట్టింది. పాత బియ్యం అన్నం, వేయించిన కారప్పొడి, వాము, ఒక చుక్క నెయ్యి. పప్పు వాతం, వద్దు. పాలు జలుబు, పిల్లకి రొంప చేస్తుంది, వద్దు. మంచినీళ్లు కూడా కొలిచినట్టు ఇచ్చేది. ఆ రోజుల్లో చాలా ఇళ్లల్లో అంతే. కాకపోతే అందరూ ఒక నెలకో రెండు నెలలకో సడలించేవాళ్లు. శేషమ్మగారు ఏ పనైనా మధ్యలో వదిలే మనిషి కాదు. అక్క పాదాలు పొంగాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండేది. మొహం పాలిపోయి ఉబ్బింది, దువ్వెన పెడితే జుట్టు చేతికొచ్చేది. పాలు ఎండిపోయి పసిది రాత్రనకా పగలనకా గుక్కపట్టేది. ఆ ఏడుపు గోడకి ఇవతల మాకు వినబడేది, మా నాన్న విల్లు ఆపి కూర్చునేవాడు.

చివరికి శేషమ్మగారూ ఆవిడ కొడుకూ కలిసి అక్కని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆ డాక్టరు మంచాయనే. పల్లెల నుంచి వచ్చేవాళ్లకి ఇంగ్లీషు ముక్కలు అర్థం కావని, పనిగట్టుకుని పుస్తకాల తెలుగులో చెప్పేవాడు. ప్రోటీన్ అని ఉంటే వీళ్లు అదేమిటండీ అని అడిగుండేవాళ్లు. ఆయన, "ఒంట్లో మాంసకృత్తులు బొత్తిగా లేవు. వెంటనే మాంసకృత్తులు పెట్టాలి. ఇలాగే వదిలేస్తే మనిషి దక్కదు" అన్నాడు. ఆ మాట చెవిన పడగానే శేషమ్మగారు రెండు చెవులూ మూసుకుని, కొడుకుని రెక్క పట్టుకుని లాక్కుని, కోడల్ని రిక్షా ఎక్కించి ఇంటికొచ్చేసింది. ఆయన వెనకనుంచి ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడట. ఇదంతా మాకు తర్వాత తెలిసింది.

మర్నాడు మధ్యాహ్నం. ఎండకి వీధంతా కునుకు తీస్తోంది. నాన్న ఎవరింట్లోనో పరుపులు కుట్టడానికి వెళ్లాడు. నేను గడపలో పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. పెరటి తలుపు చప్పుడైంది. చూస్తే శేషమ్మగారు. పమిట కొంగు కింద ఏదో పట్టుకుని ఉంది. అమ్మ కంగారుగా లేచి పీట దులిపింది.

"మగాళ్లెవరూ లేరుగా బీబమ్మా?"

"లేరండీ పెద్దమ్మగారూ. రండి, కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదమ్మా." కొంగు తీసి, కింద కుండ పెట్టింది. కుమ్మరింటి నుంచి అప్పుడే తెచ్చినట్టు ఎర్రగా, మసి అంటనిది. "మీరు వండుకుంటారుగా... అదే, నీచు. ముక్కలొద్దు, దాని నీళ్లు చాలు. కాసి ఇందులో పొయ్యి. మిరియాలు దట్టంగా వెయ్యి, వాసన తెలీకుండా. చారని చెప్పి నేను పట్టిస్తా."

 "ఎవరికండీ?" అంది అమ్మ.

"ఎవరికేంటే, కోడలికి. డాక్టరు మాంసం పెట్టకపోతే మనిషి దక్కదన్నాడు. మావాడేమో నిన్నట్నుంచి ఏడుస్తూ కూర్చున్నాడు. నేనూ ఏడుస్తూ కూర్చుంటే ఆ పిల్లతల్లి ఏమైపోతుంది?"  అలాంటి మాట ఆవిడ నోట నేను అంతకుముందు వినలేదు. "కుండ కొత్తది, పనయ్యాక బద్దలుకొట్టి పారేస్తా. దానికి మాత్రం తెలీకూడదు. అది చచ్చేదాకా తెలీకూడదు."

"మాంసమనే అన్నారాండీ డాక్టరుగారు? ఆ మాటేనా?"

"ఆ మాటే. మాంస... మాంసకృత్తో, ఏదో. నేను చెవులు మూసుకున్నా, మిగతాది వినలేదు."

అమ్మ గిరుక్కున నా వైపు తిరిగింది. "ఏమే సైదా, నువ్వు రోజూ అరుస్తుంటావే, అదేగా?"

 పుస్తకంలో ఆ పేజీ తీసి, మాస్టారి ముందు కూడా అంత భయంగా చదవలేదు, గట్టిగా చదివాను. మాంసకృత్తులు కందులు, పెసలు, శనగలు, వేరుశనగ, పాలు, గుడ్లు, మాంసము, చేపలలో లభించును.

"అదుగో, మాంసం అని ఉంది" అంది శేషమ్మగారు.

"అది చివర్న ఉంది మామ్మగారూ. ముందు కందులున్నాయి. ఏది పెట్టినా ఒకటేనండీ. పేరులోనే మాంసం ఉంది గానీ పప్పులో కూడా ఉంటుందండీ."

"నా ఆచారం చెడిపోతుందని జాలిపడి చెబుతున్నావా? నాకు ఆచారం వద్దే. నాకు మనిషి కావాలి."

"పుస్తకంలో ఉందండీ, చూడండి."

ఆవిడ వంగి, మా గడపలో, నా చేతిలో పుస్తకం మీద వేలు పెట్టింది. భజన పుస్తకాలు కూడబలుక్కుని చదివేపాటి చదువుంది ఆవిడకి. కం, దు, లు, అని ఒక్కొక్క అక్షరమే నొక్కి చదివింది. పాలు అన్న దగ్గర వేలు ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది.

"పప్పు వాతమని ఆపింది నేనే. పాలు జలుబని ఆపింది నేనే." అలాగే మా గడప మీద చతికిలబడింది. "నా చేత్తో నేనే దాన్ని ఎండబెట్టానా బీబమ్మా?"

"తెలిసి చేశారాండీ? మీ అత్తగారు మీకలా పెట్టుంటారు, మీరలా పెట్టారు" అంది అమ్మ. అంటూనే ఆవిడని అడక్కుండా కందిపప్పు కడిగి, ఆ కొత్త కుండలో పోసి, మా పొయ్యి మీద పెట్టింది. "పొద్దున పొయ్యి అలికానండీ. ఇవాళ నీచు వండలేదు" అని మాత్రం చెప్పింది. శేషమ్మగారు ఏదైనా అంటుందేమోనని నేను చూస్తున్నాను. ఏమీ అనలేదు. కొంగు నోట్లో కుక్కుకుని పొయ్యి వైపే చూస్తూ కూర్చుంది. 

వెళ్లేటప్పుడు నా చేయి పట్టుకుని, "ఈ సంగతి గోడ దాటకూడదు. ఒట్టెయ్యి" అంది. వేశాను. అభిమానం గల మనిషి, కోడలి ముందు చులకనైపోతానని భయం కాబోలు అనుకున్నాం అమ్మా నేనూ. ఆ తర్వాత కూడా ఎన్నో ఏళ్లు అలాగే అనుకున్నాను.

ఆ కుండ బద్దలవలేదు. శేషమ్మగారు రోజూ అందులోనే అక్కకి పప్పు వండింది. కొడుకుని మళ్లీ డాక్టరు దగ్గరికి పంపించి ఈసారి పూర్తిగా వినొచ్చేలా చేసింది. ఉడికించిన వేరుశనగలు, పాలు, పెసరకట్టు, ఒకటి తర్వాత ఒకటి. వాపులు దిగాయి, పాలు పడ్డాయి, పసిదాని ఏడుపు తగ్గి మా నాన్న విల్లు మళ్లీ మోగింది. నోరు మాత్రం మారలేదు. "మెక్కు, మళ్లీ మంచమెక్కి నా ప్రాణం తీయకు" అని కంచం ముందు పెట్టి నిలబడేది. ఆ కుండని ఇంట్లో మిగతా గిన్నెలతో కలవనిచ్చేది కాదు. తనే తోమి, వేరే పీట మీద బోర్లించేది. మగాళ్లకి అందులోంచి వడ్డించేది కాదు, అడుగున మిగిలింది తనే ఊడ్చుకుని తినేది. వరలక్ష్మక్క గోడ దగ్గరికొచ్చి, "చూశావా సైదా, నాకు వేరే కుండట. అంటురోగం దాన్నయినట్టు. అడుగు మిగిలింది కూడా వదలదు" అని కళ్లు తుడుచుకునేది. నేను ఒట్టు తలుచుకుని నోరు నొక్కుకునేదాన్ని.

తర్వాత నేను టీచర్నై నందిగామలో స్థిరపడ్డాను. ఆ పాఠం నా ఉద్యోగమంతా చెప్పాను. తెలుగు మీడియం ఉన్నన్నాళ్లూ మాంసకృత్తులు అని బోర్డు మీద రాసి, పక్కన "మాంసం కాదు" అని అంతకన్నా పెద్ద అక్షరాలతో రాసేదాన్ని. పిల్లలు నవ్వేవాళ్లు. నేను నవ్వేదాన్ని కాదు. బియ్యంలో పిండీ, మా నాన్న ఏకిన దూదీ ఒకే చక్కెర అణువుల గొలుసులేననీ, అల్లిక తేడా వల్ల ఒకదాన్ని తింటున్నాం, ఇంకోదాని మీద పడుకుంటున్నామనీ చెబితే మాత్రం నాకే ఒళ్లు పులకరించేది. పక్కింటి డబ్బాల్లో కొవ్వులు, మా ఇంట్లో దూది, గోడకి రెండు వైపులా అవే పదార్థాలు. ఏ కణం తెరిచినా ఆ నాలుగే, ఏ ఇంటి మనిషిదైనా సరే. ఇప్పుడు ఇంగ్లీషు మీడియం వచ్చింది, మాంసకృత్తులు అంటే పిల్లలు తెల్లమొహం వేస్తారు. ప్రోటీన్ అంటే వాళ్లకి తెలుసు, సూపర్ బజార్లో డబ్బాల్లో అమ్ముతారు. మంచిదే, ఆ మాట విని ఇప్పుడెవరూ చెవులు మూసుకోరు. కానీ ఆ మాట విని ఇంకో ఇంటి పెరటి తలుపు తట్టేవాళ్లు కూడా నాకు కనబడటం లేదు. గోడలు పెరిగి డాబాలయ్యాయి, గోడ మీద బూరెలు పెట్టే ఎత్తు ఎక్కడుంది?

నేను వెళ్లేసరికి వరలక్ష్మక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మనిషి అంగుళం దళసరి లేదు. పద్మ స్టీలు గ్లాసు పట్టుకుని, గడ్డం పైకెత్తి, ఒక చేయి నడుం మీద వేసుకుని నిలబడింది. నాకు ఒక్క క్షణం శేషమ్మగారే లేచి వచ్చినట్టనిపించింది. తరం నుంచి తరానికి పోలికలు మోసే కేంద్రకామ్లాల పాఠం ఎన్నిసార్లు చెప్పినా, అది ఇలా ఎదురుగా నిలబడితే ఒళ్లు ఝల్లుమంటుంది.

"అచ్చం దాని నాయనమ్మే" అంది అక్క, నా మొహం చూసి కనిపెట్టినట్టు. "నిలబడి మెక్కమంటుంది."

"తాగొచ్చుగా అక్కా. ఎందుకీ మొండితనం?"

"ఎందుకు తాగాలే? మీ బావగారు పోయారు, మా వాళ్లంతా పోయారు. ఇక పోవడమేగా. పోదామంటే అదీ భయంగానే ఉంది. అక్కడ కూడా ముందు ఆవిడే ఎదురొస్తుంది."  "నిన్నెందుకు పిలిచానో తెలుసా? మా ఇంట్లో జరిగింది చూసినదానివి నువ్వొక్కదానివే మిగిలావ్. నిజం చెప్పు. పద్మ పుట్టినప్పుడు నేను పోతే బాగుండు, ఇంకోదాన్ని తెచ్చుకుందామనేగా ఆవిడ నన్నలా ఎండబెట్టింది? నేను ఆ ఇంట్లో ఒక్కరోజైనా ఎవరికైనా కావాల్సినదాన్నేనా?"

ఆ ప్రశ్న గుండెలో పెట్టుకుని ఆవిడ ఇన్నేళ్లు బతికింది. అది చచ్చేదాకా తెలీకూడదు అంది శేషమ్మగారు. తెలియకపోతే ఇప్పుడు చచ్చేలా ఉంది. ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. మంచం మీద కూర్చుని అంతా చెప్పాను. మధ్యాహ్నం, పెరటి తలుపు, కొంగు కింద కుండ, మిరియాలు దట్టంగా వెయ్యమనడం, నాకు ఆచారం వద్దే మనిషి కావాలి అనడం, కందులు అన్న మాట మీద వేలు. పద్మ గ్లాసు కింద పెట్టేసి గుమ్మానికి ఆనుకుని వింది.

అక్క పైన తిరిగే ఫ్యాన్ వైపు చూసింది.

"నీచా? మా అత్తగారా?"

"తన చేత్తో కుండ తెచ్చింది అక్కా."

"ఆ కుండేనా?"

"ఆ కుండే. మా పొయ్యి ఎక్కిన కుండ."

"అందుకా ఇంకెవరికీ వడ్డించలేదు..." అంది. "నాకు తెలీకూడదందా?"

"అవును. అభిమానం కదా ఆవిడకి. నీ ముందు చిన్నబోతానని..."

"నీ మొహం. అన్నేళ్లు పాఠాలు ఏం చెప్పావే నువ్వు?" అక్క నా వైపు తిరగబోయి, తిరగలేక, చేయి మాత్రం జాపి నా మణికట్టు పట్టుకుంది. "తెలిసి తింటే తిన్నదానిదే పాపం. తెలీకుండా పెడితే పెట్టినదానిదే. నాకు అంటకుండా మొత్తం తనే మోద్దామనుకుందే ఆవిడ."

 శేషమ్మగారిని ఇంతకాలం తప్పుగా అర్థం చేసుకున్నది కోడలొక్కతే కాదు. అక్క కళ్లల్లోంచి నీళ్లు చెవుల వైపు జారుతున్నాయి, తుడుచుకోలేదు. ముక్కు ఎగబీల్చి, గుమ్మం వైపు చూసి కూతుర్ని పిలిచింది.

"పద్మా, ఆ గ్లాసు చల్లారిపోయుంటుంది. వేడి చేసి పట్రా. కాసిని మిరియాలు వెయ్యి. దట్టంగా వెయ్యవే."